మా మెట్టు మీది సుద్దగీత

మొన్న కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్న రోజుల్లో మా ఇంటికి ఒక తెల్లావిడ వచ్చి వెళ్ళింది. వచ్చి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళు తాగిన గ్లాసులు కడిగి బోర్లించగానే మరిచిపోతాం. ఈవిడని అట్లా మరిచిపోవడం కుదరలేదు. ఉన్నది ఒక్క పూటే అయినా, మా అమ్మమ్మ కోటమ్మ బతికినంతకాలం అడిగి అడిగి, జవాబు రాకుండానే పోయిన మాట ఒకటి ఆ పూట తేలింది. మా మనవరాలు సింధు "నువ్వే రాసెయ్ నాయనమ్మా, నీకు గుర్తున్నట్టు ఇంకెవరికి గుర్తుంటుంది" అని, తను కాలేజీలో సగం వాడి పక్కన పడేసిన పుస్తకం తెచ్చి ఇచ్చింది. మంచి కాయితాలు అట్లా పడేసినందుకు ముందు చీవాట్లు పెట్టి, తర్వాత కూర్చున్నాను. నేను చదివింది ఐదో తరగతి. ఆపైన చేలో మనిషి తక్కువైందని మాన్పించారు. తప్పులుంటే సింధు దిద్దుతుంది.

మాది చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్య, పెద్దరోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊరు. నల్లరేగడి. అప్పుడు పత్తి ఎక్కువ, ఇప్పుడు మిరప ఎక్కువ. నన్ను కన్న కొద్దిరోజులకే మా అమ్మ పోతే, అమ్మమ్మ నన్ను గేదెపాలు పోసి పెంచింది. ఈడొచ్చాక మా మేనమామకే ఇచ్చి చేసింది. అంచేత నేను అత్తారింటికి పోయిందీ లేదు, పుట్టింటికి తిరిగొచ్చిందీ లేదు. అదే ఇల్లు, అదే వాకిలి. ఇల్లు అమ్మమ్మది, తాతయ్య ఇల్లరికం వచ్చినవాడు. పత్తి తీసే రోజుల్లో ఇల్లంతా దూది నలుసు ఎగిరి అన్నంలో కూడా పడేది. నానబెట్టి రుబ్బిన పత్తిగింజల వాసన, కుడితి వాసన, మిరప తొడిమలు తీసిన చేతుల ఘాటు, ఈ మూడూ కలిస్తే అమ్మమ్మ వాసన. ఆవిడ దేన్నీ పారేయనిచ్చేది కాదు. ఇంట్లో అరిగిన చీపురు వాకిట్లోకి, వాకిట్లో అరిగింది గొడ్లచావిట్లోకి. చిరిగిన చీర బొంతలోకి, బొంత చివికితే చలికి దూడ మీదికి. నేనూ అట్లాగే నేర్చుకున్నాను. ఇప్పటివాళ్ళు నవ్వితే నవ్వుకోనీ, నేను పెంచిన పిల్లలెవరూ అప్పులవాళ్ళకి మొహం చాటేయలేదు.

శుక్రవారం అందరి ఇళ్ళలోలాగే మా గడపకీ పసుపూ కుంకుమా పెట్టేవాళ్ళం. గడప సంగతి అది. దాని కింద వాకిట్లోకి దిగడానికి ఒక రాతిమెట్టు ఉండేది, ఆ మెట్టు పని మాత్రం శనివారం సాయంత్రం. ఊళ్ళో ఆడవాళ్ళు నడుం వంచి ముగ్గేస్తారు. మా అమ్మమ్మ గోనెపట్టా మడిచి మెట్టు ముందు వేసుకుని, దానిమీద రెండు మోకాళ్ళూ ఆనించి కూర్చునేది. తడిగుడ్డతో రాయిని రుద్ది రుద్ది తుడిచి, తడి ఆరేలోపల సుద్దగడ్డతో అంచు వెంబడి నాలుగు వేళ్ళ వెడల్పున తెల్లగా పామేది. రెండు చివర్లా ఆ గీతని గోడవైపుకి మలుపు తిప్పేది. అంతే. చుక్క లేదు, పువ్వు లేదు. ఆ మెట్టు మీద ముగ్గు మాకు ఆనవాయితీ లేదు. కొన్ని ఇళ్ళలో ఫలానా పచ్చడి పెట్టకూడదంటారు, కొన్ని ఇళ్ళలో నల్లచీర కట్టకూడదంటారు, ఎందుకని అడిగితే మావాళ్ళకి అచ్చిరాదంటారు. మాకు ఇదొకటి. చిన్నప్పుడొకసారి పక్కింటి రత్తమ్మా నేనూ కలిసి ముచ్చటపడి ఆ మెట్టు మీద తామరపువ్వు ముగ్గు వేశాం. ఆ వారమే చూడిగేదెకి దూడ పోయింది. దానికీ దీనికీ ముడిపెట్టి అమ్మమ్మ నా వీపు వాయగొట్టింది. మళ్ళీ ఎవరూ ఆ జోలికి పోలేదు.

అమ్మమ్మవి పిల్లికళ్ళు. మా అమ్మవీ అవేనట, నాకు రాలేదు, రెండు తరాలు దాటి సింధుకి వచ్చాయి. ఆ కళ్ళ సంగతి ఊరందరికీ తెలుసు, ఎదురుగా ఎవరూ అనరు, బావి దగ్గర అంటారు. అమ్మమ్మ తండ్రి ఒక తెల్లవాడు. గుంటూరు వైపు పత్తి నొక్కి బేళ్ళు కట్టే మిషన్లు కొత్తగా వచ్చినప్పుడు, వాటి ఇంజన్లు బిగించడానికి వచ్చినవాడు. చొక్కా నిండా నూనె మరకలతో బాయిలరు కింద దూరి పనిచేసే మనిషి, అయినా రంగును బట్టి ఊరు అతన్ని ఇంజను దొర అంది. అమ్మమ్మ తల్లి వీరమ్మ, ఊహ తెలియని వయసులో పెళ్ళై, ఊహ తెలిసేలోపలే బొట్టు పోగొట్టుకున్న పిల్ల. మిల్లు దొడ్లో పత్తి ఏరే పనికి పోయేది. ఆ ఇద్దరికీ పుట్టింది మా అమ్మమ్మ. ఇల్లు దొర కొనిచ్చాడు. మిగతాది ఊరు చెప్పే కథ: దొర మిల్లు బంగళాలోనే ఉండేవాడు, ఈ ఇంట్లో ఏనాడూ అడుగు పెట్టలేదు, మోజు తీరాక ఓడెక్కి దొరసాని దగ్గరికి పోయాడు. కూతురు పెద్దది కాకుండానే వీరమ్మ కన్నుమూసింది. ఉన్నన్నాళ్ళూ ఆయన మాట ఎత్తితే "ఆ సుద్ద ఇటు అందుకో" అనేదట కానీ ఇంకేమీ చెప్పేది కాదట. ఆ తర్వాత అమ్మమ్మని పెంచిన పెద్దమ్మ, ఆ పేరెత్తితే నోట్లో కారం కొడతానని బెదిరించిందట. ఎత్తడానికి పేరు ఎవరికైనా తెలిస్తే గదా.

ఏటా మహాలయ అమావాస్యనాడు మా ఇంట్లో పెద్దలకి పెట్టుకుంటాం. గోడవారన పీట వేసి, పోయినవాళ్ళ పేరు పేరునా కొత్త బట్ట పెట్టి, ఆకుల్లో వండినవన్నీ వడ్డించి, ఇంటి మగవాడు పేరు పిలిచి దణ్ణం పెడతాడు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ పొద్దున అమ్మమ్మ గారెలపిండి రుబ్బుతూ ఒకటే మాట అడిగేది.

"ఇదుగో, మా నాన్నకి ఒక తువ్వాలు పెడదామా ఈ ఏడు?"

తాతయ్య చెడ్డవాడు కాదు. చుట్ట పక్కనపెట్టి, నింపాదిగానే చెప్పేవాడు. "ఏం పేరున పెట్టమంటావే కోటమ్మా? పేరు తెలీదు. ఉన్నాడో పోయాడో తెలీదు. ఈ ఇంట్లో ఒక్కపూట కాపురం చేశాడని చెప్పేవాళ్ళు లేరు. గడప తొక్కని మనిషిని ఇంటి పెద్దని ఎట్టా అంటాం?"

"నాకు తండ్రేగా."

"కన్నంత మాత్రాన పెద్దవుతాడంటే ఊళ్ళో చాలామందికి పెట్టాల్సొస్తది."

అమ్మమ్మ పిండి తీసుకుని పొయ్యి దగ్గరికి పోయేది. ఆ రోజు గారెలు మాత్రం ఎప్పుడూ కొంచెం మాడేవి. తాతయ్య మాడినవి ఏరుకుని తన ఆకులో వేసుకుని తినేవాడు. ఆయన కాదన్నది కోపంతో కాదని, ఊరి నోటికి భయపడి అని ఇప్పుడు తెలుస్తోంది. ఇల్లరికపు అల్లుడికి ఊళ్ళో పరువు పలచన. దానికి తోడు ఇదొకటి.

నేను ఒకసారి అడిగాను, "అమ్మమ్మా, మీ నాన్న నీకు గుర్తున్నాడా" అని. తొడిమలు తీస్తోంది. తలెత్తకుండా చెప్పింది. "మొహం లేదే. అరికాళ్ళు గుర్తు. రెండు తెల్లటి అరికాళ్ళు, నావైపు తిరిగి. నేను గడప లోపల కూర్చుని వాటిని చూస్తున్నా." అది ఆయన ఇల్లు వదిలిపోతున్నప్పటి గుర్తని ఆవిడ అనుకునేది. పోయేవాడి వీపు గుర్తుండాలి గానీ అరికాళ్ళేమిటని నాకు అప్పుడు తట్టలేదు. ఆవిడకీ తట్టలేదు. తండ్రి తనకు అరికాళ్ళు చూపించి పోయాడనే నమ్ముకుని బతికింది.

తాతయ్య పోయాడు, అమ్మమ్మ పోయింది, పేర్లు పిలిచే పని మా ఆయనకి, ఆయన తర్వాత మా అబ్బాయి, సింధు తండ్రి శ్రీనుకి వచ్చింది. శ్రీను మిరపలో నాలుగు డబ్బులు చూశాక, పాత ఇంటి ముందు భాగం పడగొట్టి స్లాబు వేసి, మార్టూరు నుంచి నల్ల గ్రానైటు తెప్పించి మెట్టుకీ వసారాకీ పరిపించాడు. అద్దంలాగా ఉంది. దాని మీద మొదటి శనివారం నేను గోనెపట్టా తీసుకుని బయల్దేరితే తల పట్టుకున్నాడు. "అమ్మా, ఆ రాయి ఖరీదెంతో తెలుసా నీకు?" అన్నాడు. ఖరీదు తెలుసు కాబట్టే తడిగుడ్డ మెత్తది తెచ్చుకున్నానన్నాను. గ్రానైటు మీద సుద్ద ఒక పట్టాన అంటదు. పాతరాయి మీద ఒకసారి పామితే చాలేది, దీని మీద రెండు మూడుసార్లు పామాలి. సుద్ద దండగ. అయినా మానలేదు.

ఇక ఆ తెల్లావిడ. పేరు మార్గరెట్. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదై ఉంటుంది, జుట్టు పొట్టిగా, కాళ్ళకి బట్టబూట్లు. ఇంగ్లండులో పిల్లల బడిలో వంట చేసి రిటైరైందట. వాళ్ళ అమ్మమ్మకి మేనమామ అయినవాడొకడు ఎప్పుడో మనవైపు పత్తి మిల్లుల్లో ఇంజన్లు బిగించడానికి వచ్చాడని, తను చచ్చేలోపల అతను బతికిన చోటు చూడాలని బయల్దేరింది. గుంటూరులో పాత మిల్లులన్నీ తిరిగితే, అన్నీ కూలగొట్టి అపార్టుమెంట్లు కట్టేశారట. అక్కడ ఎవరో, ఫలానా ఊళ్ళో పిల్లికళ్ళ వాళ్ళున్నారు, ఇంజను దొర వాళ్ళంటారు, పోయి అడగమన్నారట. పేటలో కారు మాట్లాడుకుని, శనివారం మధ్యాహ్నం మా వాకిట్లో దిగింది. దిగీ దిగగానే కళ్ళంలోంచి వచ్చిన ఘాటుకి తుమ్ములు మొదలయ్యాయి. మజ్జిగ ఇస్తే కుదురుకుంది.

సింధు మధ్యలో కూర్చుని ఆవిడ మాట మాకూ, మా మాట ఆవిడకీ చెబుతోంది. ఇప్పుడు పేటలో బాంకులో పని చేస్తోంది, రెండో శనివారమని ఇంట్లోనే ఉంది. వాళ్ళ మనిషి పేరు విలియం అట. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లీ పిల్లలూ మిల్లు పనికి పోయి బతికారట. మాకు పేరే తెలీదన్నాం. ఫొటో ఉందా అంటే రెండువైపులా లేదు. రోజూ ఒకే వీధిలో చూసుకునేవాళ్ళు ఫొటోలెందుకు తీసుకుంటారులే. సింధు కళ్ళ వంక ఆవిడ చాలాసేపు చూసింది. పిల్లికళ్ళు ఎందరికో ఉంటాయని నేనే అన్నాను. లేని ఆశ పెట్టడం నాకు చేతకాదు. అప్పట్లో ఇంజన్లు బిగించడానికి అట్లాంటివాళ్ళు బోలెడుమంది వచ్చి ఉంటారని శ్రీను కూడా అన్నాడు. అదీ నిజమేనని ఆవిడ ఒప్పుకుంది. సంచీ భుజాన వేసుకుని, అందరికీ దణ్ణం పెట్టి, కారు దగ్గరికి పోయింది. ఆ మొహం చూస్తే జాలేసింది. కాకపోతే పొద్దు వాలుతోంది, నా పని నాకుంది.

"అమ్మా, ఆవిడ కారెక్కేదాకా అన్నా ఆగరాదా" అంటున్నాడు శ్రీను. నేను అప్పటికే గోనెపట్టా వేసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. తడిగుడ్డ పెట్టి తుడిచి, సుద్ద తీసుకుని ఎడమ చివర మలుపు తిప్పి మొదలుపెట్టాను. కారు తలుపు తెరిచిన చప్పుడైంది గానీ మూసిన చప్పుడు కాలేదు. కాసేపటికి నా పక్కన నీడ పడింది. తలెత్తి చూస్తే ఆవిడ. నోరు కొంచెం తెరుచుకుని నా చేతి వంకే చూస్తోంది. సంచీ కింద పెట్టి, మెట్టు రెండో చివర, వట్టి నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుని, నా వైపు చెయ్యి చాపింది. సుద్ద అడుగుతోందని అర్థమైంది. గడ్డని రెండు ముక్కలు చేసి ఒకటి ఇచ్చాను. ఆవిడ కుడి చివర నుంచి మొదలుపెట్టింది. గీతని గోడవైపుకి మలుపు తిప్పి మరీ మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. వెడల్పు నాలుగు వేళ్ళే.

పక్కింటి రత్తమ్మ గోడ మీదుగా చూస్తోంది. "ఏంటొదినా, కూలికి దొరసానిని పెట్టావా?" అంది.

"నువ్వు రానంటివిగా" అన్నాను.

ఇద్దరం మధ్యలో కలిశాక ఆవిడ వెనక్కి కూర్చుని ఏడ్చింది, నవ్వింది కూడా. సింధు ఆవిడ మాటలు ఒక్కొక్కటిగా చెప్పింది. వాళ్ళ ఊళ్ళో కూలీల ఇళ్ళు గోడకి గోడ ఆనించి వరసగా ఉండేవట. వారానికోసారి ఇంటి ఆడమనిషి మోకాళ్ళ మీద కూర్చుని మెట్టు కడిగి, అంచుకి తెల్లరాయి పామేదట. వాళ్ళ అమ్మమ్మ ముసలితనం దాకా చేసిందట, తనకీ చిన్నప్పుడు నేర్పిందట. ఒక్కో వీధికి ఒక్కో తీరు, చివర్లు లోపలికి మలిపేది వాళ్ళ వీధివాళ్ళేనట. ఇంకో సంగతి చెప్పింది. విలియం చిన్నతనం గురించి వాళ్ళింట్లో మిగిలింది ఒకే ఒక్క కబురు. తల్లికి మోకాళ్ళు పట్టేస్తే మెట్టు ఆయనే కడిగి గీసేవాడట. మగపిల్లాడు ఆడపని చేస్తున్నాడని వీధంతా వెక్కిరించేదట.

"అసలెందుకు గీస్తారో కనుక్కో" అన్నాను సింధుతో. నాకు కావలసింది అది. ఇన్నేళ్ళు గీశాను, ఎందుకో తెలీదు.

ఆవిడ చెప్పింది సింధు తిప్పి చెప్పింది. "ఇంట్లో తిండి లేకపోయినా సరే, మెట్టు తెల్లగా ఉంటే అది పరువుగా బతికే కాపురం అని లెక్కట నాయనమ్మా. మెట్టు మాసిన ఇంటిని చిన్నచూపు చూస్తారట. దారిన పోయేవాళ్ళకి చెప్పడానికి గీస్తారట."

నేను సుద్ద చేతులు కొంగుకి తుడుచుకోవడం కూడా మరిచిపోయాను. మా ముత్తవ్వ వీరమ్మని ఊరు ఏమేం అన్నదో నాకు తెలుసు. ఆవిడ బావికి పోతే చేద తీసేసుకునేవాళ్ళట. అది చూసి విలియం ఏంచేస్తాడు? తెలుగు రాదు, పంచాయితీ పెట్టే పెద్దలు తనవైపు లేరు. మోకాళ్ళ మీద కూర్చుని తనకొచ్చిన తీరున చెప్పాడు, ఇది నా ఇల్లు, ఇక్కడ కాపురం ఉంది అని. ఊళ్ళో ఒక్కరికీ అర్థం కాలేదు. వీరమ్మకి అర్థమయ్యే ఉంటుంది, లేకపోతే ఆయన పోయాక ఆ సుద్ద తన చేతికి ఎందుకు తీసుకుంటుంది? ఇక అరికాళ్ళ సంగతి. మార్గరెట్ ఇంకా మెట్టు ముందే మోకాళ్ళ మీద ఉంది. సింధు లేచి ఆవిడ వెనక్కి పోయి, "చూడు నాయనమ్మా" అంది. వెళ్ళి చూశాను. మోకాళ్ళ మీద ఉన్న మనిషికి వెనక నుంచి కనిపించేవి రెండు అరికాళ్ళు. ఆ తండ్రి వెళ్ళిపోవడం లేదు. వాకిట్లోంచి గడప వైపుకి తిరిగి గీస్తే మొహం కనబడాలి, అరికాళ్ళు కనబడ్డాయంటే ఇంట్లోంచి దిగుతూ, వీధి వైపు మొహం పెట్టి, గడప మీద నుంచి వంగి గీశాడన్నమాట. లోపలి మనిషి గీసే తీరు అది. ఆ గడప తొక్కాడు, దాటాడు, లోపల నుంచి వచ్చాడు.

చీకటి పడేదాకా కూర్చున్నాం. దొరసాని దగ్గరికి పోయాడన్నది కూడా అబద్ధమే. ఆయన ఎన్నడూ ఇంగ్లండుకి తిరిగి పోలేదట. జ్వరమొచ్చి గుంటూరులో పోయాడని తోటి పనివాడొకడు కబురు తెచ్చి, ఆయన పనిముట్ల సంచీ తల్లికి ఇచ్చాడట. ఇక్కడ భార్యా బిడ్డా ఉన్నారని వాళ్ళకి తెలీదు, మనకి ఆయన పోయాడనీ తెలీదు. వరస కలిపి చూశాను. అన్నాచెల్లెళ్ళ పిల్లల నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే, రెండువైపులా ఆడవాళ్ళ మీదుగా దిగి, మార్గరెట్ నాకు వదినవుతుంది. ఆ మాట చెబితే సింధు దాన్ని ఇంగ్లీషులో చెప్పలేక తంటాలు పడింది. రత్తమ్మ మాత్రం "వరస కుదిరిందిగా, మనవడెవడైనా ఉన్నాడేమో అడుగు, సింధుకి మేనరికం చేద్దాం" అంది. పోయేటప్పుడు మా కొత్త వదినకి ఎండుమిరపకాయలు, గోంగూర పచ్చడి, మిగిలిన సుద్దగడ్డా మూటగట్టి ఇచ్చాను. మొదటి రెండూ చూసి భయపడింది, మూడోది గుండెకి ఆనించుకుంది.

ఆ తర్వాత వచ్చిన మహాలయ అమావాస్యకి నేను ఎవర్నీ అడగలేదు. ఇప్పుడు ఇంటికి పెద్ద నేనే. చీరాల నుంచి చీరల మూటతో వచ్చే ఆయన దగ్గర బేరమాడి ఒక పంచె, కండువా తీసుకున్నాను. రెండు రూపాయలు తగ్గించమంటే "పెద్దలకి పెట్టేదానికి కూడా బేరమా అమ్మా" అన్నాడు. "మా పెద్దలు కూలి చేసి బతికినవాళ్ళే నాయనా, వాళ్ళకి తెలుసు" అన్నాను. తగ్గించాడు. గారెలు, పాయసం, గోంగూర వండాను. సింధు టీ కూడా పెట్టమంది. ఆకు పక్కన టీ ఎప్పుడూ పెట్టలేదు, అయినా ఒక గ్లాసు పెట్టనిచ్చాను, పంచదార తక్కువ వేసి. శ్రీను బట్టలు సర్దుతూ కొత్త పంచె తీసుకెళ్ళి వరసలో చిట్టచివర పెట్టాడు.

"ఆ చివర కాదురా. మా ముత్తవ్వ చీర పక్కన పెట్టు."

"ఇన్నేళ్ళుగా ఉన్న వరస కదమ్మా."

"ఇన్నేళ్ళుగా తప్పుంది. జరుపు."

జరిపాడు. పేర్లు పిలవడం మొదలెట్టాడు. వీరమ్మ తర్వాత సింధు వంక చూసి, "విలియం తాతా" అన్నాడు. మా ఇంటి గోడల మధ్య ఆ పేరుని తాతా అని పిలిచిన మొదటి మనిషి వాడు. పలికాక చూస్తే అంత విడ్డూరంగా ఏమీ అనిపించలేదు. భోజనానికి పిలిస్తే వచ్చిన రత్తమ్మ గుమ్మంలో నిలబడి, పీట మీది పంచె వంకా, గోంగూర వంకా చూసింది.

"బాగానే ఉందొదినా. దొరకి పంచె కట్టుకోవడం వచ్చా అసలు?"

"ఇంతకాలం ఇక్కడే ఉన్నాడుగా" అన్నాను. "నేర్చుకునే ఉంటాడు."

ఆ రోజు గారెలు ఒక్కటి కూడా మాడలేదు. అందరం వరసగా కూర్చుని తిన్నాం.